ఏడో ముక్క, పదిహేడో సెకను

ఫిబ్రవరి 3, సోమవారం

ల్యాబు పుస్తకంలో "అబ్బ!" అని రాయకూడదట. పెద్దసారు దాని చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టి, పక్కన "అయితే?" అని రాసి పంపారు. ఆయన నోటినుంచి వచ్చే మాట అదొక్కటే. వాన పడుతోంది సార్ అంటే, అయితే? భవనానికి నిప్పంటుకుంది సార్ అన్నా అదే అంటారని మా అందరి నమ్మకం. వెనకాల ఆయన్ని అయితే సారు అనే పిలుచుకుంటాం.

అందుకని టీకి వెళ్ళినప్పుడు ఈ రెండో పుస్తకం కొన్నాను. ఇది నాది. ఇందులో నా ఇష్టం వచ్చినట్టు రాసుకుంటాను.

అబ్బ! అబ్బబ్బబ్బ!

ఎనభై నాలుగు మంది. మంచుదేశాల వాళ్ళు, ఎడారివాళ్ళు, దీవులవాళ్ళు, కొండలవాళ్ళు, రేవులో ఓడ దిగి బట్టలైనా మార్చుకోకుండా వచ్చినవాళ్ళు. ఒకరి భాష ఒకరికి రాదు, ఒకరి పాట ఒకరికి ఎక్కదు. పన్నెండు పాటల ముక్కలు వినిపిస్తే పదకొండింటికి ఎవరి దారి వారిదే. ఒకరు నవ్వే చోట ఇంకొకరు ఏడుస్తారు. ఏడో ముక్క దగ్గరికి వచ్చేసరికి మాత్రం, సరిగ్గా పదిహేడో సెకనులో, డెబ్బై తొమ్మిది మంది చేతికిందున్న మీటని నవ్వుమొహం బొమ్మవైపు జరిపారు. వేళ్ళకి కట్టిన వైర్లూ అదే చెప్పాయి. గుండె ఒక్క గెంతు గెంతుతోంది.

ఆ ముక్కలో ఏముందని? పాత టేపుల పెట్టెలో దొరికింది. ఏ దేశమో ఏ భాషో తెలియదు. ఎవరో ఆవిడ పని చేసుకుంటూ పాడుకుంటోంది, వెనక గిన్నెల చప్పుడు. గొంతు మెల్లగా పైకెక్కుతుంది, ఎక్కుతూ ఎక్కుతూ పదిహేడో సెకనులో ఆగుతుంది. ఒక్క క్షణం ఏమీ ఉండదు. తర్వాత మళ్ళీ పాడుతూ కిందికి దిగుతుంది. అంతే. మూడువందల ముక్కల్లోంచి దీన్ని నేనే ఏరాను. నియమాల ప్రకారమే ఏరాను.

నాకైతే ఏమీ అనిపించదు. వెయ్యిసార్లు విన్నాను. మిఠాయి కొట్టువాడికి తీపి మీద మొహం మొత్తినట్టే నాకూను.

మనిషై పుట్టిన ప్రతివాడికీ పాటలో ఒక సంతోషపు చోటు ఉంది. దాన్ని నేను పట్టుకున్నాను. నేను!


ఫిబ్రవరి 4

పన్ను నొప్పి లేదు. కాస్త జివ్వుమంటోంది, అంతే. కుడివైపు నమలడం మానేస్తే సరి.


ఫిబ్రవరి 6, గురువారం

పెద్దసారుకి కాగితాలు చూపించాను. ఏడో ముక్క గీతలన్నీ ఒకదానిమీద ఒకటి పరిచి చూపించాను. పదిహేడో సెకను దగ్గర అన్నీ కలిసి ఒకే కొండలా లేచాయి.

"అయితే?" అన్నారు.

అయితే ఏమిటో నేనూ గుక్కతిప్పుకోకుండా చెప్పాను. అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు. "ఇరవై ఎనిమిదిన పాలకమండలి వస్తోంది. వరండాలో నూట యాభై కుర్చీలు వానకి తడుస్తున్నాయి. వాటికి మీ గది కావాలంటున్నారు. ఆరోజు మీ దగ్గర గట్టిగా చెప్పే మాట ఒకటి ఉంటే గది మూడేళ్ళు మీది. లేకపోతే కుర్చీలది." ఆయన ఒక్క ఊపులో ఇన్ని మాటలు అనగా వినడం ఇదే మొదటిసారి.

గట్టిగా చెప్పే మాట నా దగ్గర ఉంది. కొండంత ఉంది!

గది పోతే నాకు ఇంకెక్కడో ఒక బల్ల ఇస్తారు. పిన్నికి ఏమీ ఇవ్వరు. పిన్ని అంటే వైర్ల పిన్ని, భవనం మొత్తానికి పిన్నే. వచ్చినవాళ్ళ వేళ్ళకి వైర్లు కట్టడం ఆవిడ పని. తొమ్మిదేళ్ళుగా తాత్కాలిక ఉద్యోగి. చల్లగా ఉన్న వేళ్ళని ముందు రెండు అరచేతుల్లో పెట్టి రుద్దుతుంది, అప్పుడు కడుతుంది. వచ్చినవాళ్ళతో మన భాషలోనే మాట్లాడుతుంది, వాళ్ళు వాళ్ళ భాషలో జవాబిస్తారు, ఇద్దరూ పడీపడీ నవ్వుకుంటారు. ఏం అర్థమైందని నవ్వావు పిన్నీ అంటే, "అర్థమైతే నవ్వెందుకొస్తుందే" అంటుంది.

ఇవాళ నన్ను పట్టుకుంది. "అమ్మాయ్, ఏడోది వచ్చినప్పుడల్లా చేతులు బట్టలకి తుడుచుకుంటావేంటి?"

"చెమట పిన్నీ."

"ఫ్యాను కిందా?"

అన్నింటికీ ప్రశ్నలే ఆవిడకి.


ఫిబ్రవరి 9, ఆదివారం

పైవాటా నాది, కిందివాటా అక్కావాళ్ళది. ఆదివారం భోజనం కిందే. బావ కళ్ళజోళ్ళ దుకాణం కట్టేసి ఉన్న రోజు కాబట్టి ఇల్లంతా ఆయన గొంతే.

"ఏం మరదలా, ప్రపంచాన్ని నవ్వించే మంత్రం దొరికిందట?"

"మంత్రం కాదు బావా, కొలత."

"కొలతలు నాకు తెలియవా? ఇరవై ఏళ్ళుగా జనం ముక్కులు కొలుస్తున్నా. ఒక రహస్యం చెప్తా విను. మగాడు ఫ్రేమ్ పెట్టుకుని అద్దంలో చూసుకుంటాడా, నేనేమో వాడికేసి చూడను. పక్కనున్న పెళ్ళాం మొహం చూస్తా. వాడూ దొంగచాటుగా అటే చూస్తాడు. ఆవిడ కనుబొమ్మ ఇంత లేచిందంటే చాలు, ఆ ఫ్రేమ్ అమ్ముడుపోయినట్టే."

"అందుకేనా నీ మొహాన ఈ ఎర్రఫ్రేమ్?"

"అది మీ అక్క కనుబొమ్మ చేసిన పని."

అక్క వడ్డిస్తూ, "ఆ పాటేదో మాకూ వినిపించవే" అంది. కుదరదన్నాను. ఫలితాలు బయటికి రాకముందు ముక్కలు బయటివాళ్ళకి వినిపించకూడదని నియమం. నిజానికి అలాంటి నియమం రాసి లేదు. ఉండాలి కదా మరి.

"అంత దాపరికం ఎందుకు? ఎలా ఉంటుందో చెప్పు పోనీ."

"ఎవరో ఆవిడ పాడుకుంటుంది. గిన్నెలు చప్పుడవుతుంటాయి."

"అమ్మలాగా?" అంది అక్క.

కూర బాగుందన్నాను. ఎడమవైపే నమిలాను. అక్క చూసింది. "పన్ను చూపించుకోవే" అంది. లేని నొప్పికి వైద్యం ఏమిటి?


ఫిబ్రవరి 12, బుధవారం

ఎంత మంచి రోజు! రాయకపోతే మరిచిపోతాను.

పొద్దున్నే ఓడ వంటవాడొకాయన. గుమ్మంలో పట్టడు. పిన్ని ఆయన వేళ్ళు రుద్దుతుంటే చిన్నపిల్లాడిలా సిగ్గుపడ్డాడు. మూడో ముక్క కొండలవాళ్ళ చావుపాట. ఆయన కాలితో తాళం వేస్తూ మీటని నవ్వుమొహం దాకా తోసేశాడు. ఐదోది ఎడారి పెళ్ళిపాట. దానికి బొటబొటా కన్నీళ్ళు. పిన్ని తలుపు తీసుకుని వెళ్ళి తన కొంగు ఇచ్చింది, నియమం ప్రకారం వెళ్ళకూడదు. ఇదే కదా నేను చదువుకున్న చదువు. ఒక ఊరి పెళ్ళి ఇంకో ఊరికి చావు. ఏడో ముక్క వచ్చింది. పదిహేడు. కన్నీళ్ళు చెంపల మీదుండగానే నవ్వాడు మహానుభావుడు.

తర్వాత కొండల అవ్వ. ఆవిడకి ఏదీ నచ్చలేదు. భాషలు కలవవు కాబట్టి, పాట మొదలయ్యేముందు గాజు పలక ఇవతలి నుంచి నేను చెయ్యెత్తి సైగ చేస్తాను. అందరికీ అదే గుర్తు, నన్ను చూడండి, మొదలవుతోంది అని. వైరు ఊడిందేమో కనిపెట్టాలి కాబట్టి పాట అయ్యేదాకా నేనూ వాళ్ళనే చూస్తాను. అవ్వ ఆరు ముక్కల దాకా మీటని ఏడుపుబొమ్మ దగ్గరే బిగించి పట్టుకుంది. కళ్ళు చిట్లించి నన్నే చూస్తోంది, అప్పు ఎగ్గొట్టినదాన్ని చూసినట్టు. పదిహేడో సెకనులో మీట రెండు వేళ్ళు కదిలింది. పళ్ళు లేని నోరు ఇంత తెరిచి నవ్వింది!

చప్పట్లు కొట్టబోయి ఆపుకున్నాను. నాకు ఏమీ అనిపించక కాదు, నియమం.


ఫిబ్రవరి 14

నూట ఒక్కమంది. కాస్త పన్ను.


ఫిబ్రవరి 17, సోమవారం

ఏదో చెడిపోయింది.

కుడిబుగ్గ వాచింది, నిజమే, అది వేరే సంగతి. రాత్రంతా లవంగం పెట్టుకున్నాను. పొద్దున్న ఓడొకటి వచ్చిందని రేవునుంచి కబురు, ఒకేసారి తొమ్మిది మంది. ఇంటికి వెళ్ళిపోతే పదిరోజులు వెనకబడతాను. ఒక చెయ్యి బుగ్గకి ఆనించుకుని రెండో చేత్తో సైగలు చేశాను.

విచిత్రం ఏమిటంటే, ఆరు ముక్కల దాకా ఓర్చుకోగలిగాను. ఏడో ముక్క రాగానే, సరిగ్గా ఆ చోట, దవడలో సూదితో పొడిచినట్టు కలుక్కుమంది. తొమ్మిది సార్లకి తొమ్మిది సార్లూ అక్కడే. బుగ్గ లాగినట్టయి ప్రాణం పోయింది.

దానికేం గానీ, ఆ తొమ్మిది మందీ ఏడో ముక్కకి, పదిహేడో సెకనులో, మీటని ఏడుపుమొహం వైపు లాగారు. తొమ్మిది మందీ! ఒకాయన మరీ కుర్చీలోంచి సగం లేచాడు. పిన్ని వెళ్ళి కూర్చోబెట్టింది.

మీట తిరగేసి బిగించారేమోనని మరమ్మతుల వాణ్ణి పిలిచాను. చూసి, బాగానే ఉందన్నాడు. వీడికి ఏం తెలుసు.


ఫిబ్రవరి 18, మంగళవారం

ఆలోచించగా:

వాన. గాలిలో తేమ ఉంటే వేళ్ళ వైర్లు సరిగా చెప్పవు.

ఆ ఓడలో ఏదో గొడవ జరిగి ఉంటుంది. దిగులుగానే దిగి ఉంటారు.

తొమ్మిది మందీ ఒకే ఓడ. కాబట్టి తొమ్మిది కాదు, ఒకటే లెక్క. ఆ ఒక్కటీ తీసేస్తే నూట ఒక్కమందీ చక్కగా ఉన్నారు.

అక్క ఉప్పునీళ్ళ గిన్నె పట్టుకుని పైకొచ్చింది. తీసేయడం గురించి చెప్పాను. అక్కకి నా చదువు తెలియదు గానీ నేను తెలుసు. "నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు, అంతేగా?" అంది.

కాదన్నాను. గట్టిగా అనబోతే దవడ పట్టేసింది.


ఫిబ్రవరి 19

పన్ను పీకించాను. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు?" అన్నాడు పళ్ళ డాక్టరు. నోట్లో దూది ఉంది, బతికిపోయాను. గదిలో ఇవాళ వచ్చే ఆరుగురినీ పిన్నిని చూడమన్నాను. బొత్తాలు నొక్కడమేగా.


ఫిబ్రవరి 20, గురువారం

ఎక్కడినుంచి మొదలుపెట్టను.

నిన్న పిన్ని నడిపిన ఆరుగురి కాగితాలు పొద్దున తీశాను. ఏడో ముక్క దగ్గర కొండ లేదు, గొయ్యి లేదు. చెరువునీళ్ళలా చదునుగా ఉంది. దాని బదులు నాలుగో ముక్కలో, ఇంతవరకు ఎవరూ పట్టించుకోని ఆ డప్పుల ముక్కలో, ఆరుగురికీ ఇంతెత్తు కొండ.

"పిన్నీ, నాలుగో ముక్కప్పుడు ఏం చేశావు?"

"ఏం చేశాను? ఏమీ చేయలేదు." వైర్లు చుట్టచుట్టుకుంటోంది. "ఆ దరువంటే నాకు ప్రాణం. అంతకుమించి ఏం లేదు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నా చెయ్యి నా బుగ్గ మీదికి వెళ్ళింది.

"వాళ్ళు నిన్ను చూశారా?"

"చూడక? తెలియని దేశం, వేళ్ళకి వైర్లు, మూసిన తలుపు. గాజు అవతల ఉన్నది ఒక్క మనిషి. ఆ మనిషి మొహం చూడక గోడ చూస్తారా? పైగా చెయ్యెత్తి, నన్ను చూడండి అని మనమే చెప్తాంగా."

"నేను ఏడోదానికి మొహం ఎలా పెడతాను?"

పిన్ని వైర్లు కింద పెట్టింది. నా మొహంలోకి చూసింది. "నీకు నిజంగా తెలియదా? నేనేమో కావాలనే చేస్తున్నావనుకున్నా. పాపం బెదిరిపోయి ఉంటారు కదా, మధ్యలో ఒకసారి నవ్వి ధైర్యం చెప్తున్నావనుకున్నా. నీ పద్ధతేమో అని నేనెప్పుడూ అడగలేదు."

నేను నవ్వడం లేదన్నాను. ఏమీ అనిపించదన్నాను. వెయ్యిసార్లు విన్నానని చెప్పాను. ఆవిడ నన్ను వచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చోబెట్టింది. సంచిలోంచి దువ్వెన తీసి, దానితోపాటు ఉండే చిన్న అద్దం తీసి గాజుకి ఆనించి నిలబెట్టింది. అలవాటుకొద్దీ నా వేళ్ళు కూడా రుద్దింది. అవతలికి వెళ్ళి చెయ్యెత్తింది.

ఏడో ముక్క మొదలైంది.

పది దాకా నా మొహం నా మొహమే. నలభై ఏళ్ళదాని మొహం, ఒక బుగ్గ ఇంకా ఉబ్బుగా. పదమూడు దగ్గర తల పక్కకి వాలింది. గొంతు ఎక్కుతోంది. పదిహేను, కనుబొమ్మలు లేచాయి. పదిహేడు, పాట ఆగింది. అద్దంలో ఎవరో ఏడేళ్ళ పిల్ల. కళ్ళు ఇంతింత చేసుకుని, నోరు తెరుచుకుని, ఒళ్ళంతా చెవి చేసుకుని నవ్వుతోంది. కుర్చీలోంచి లేవబోతోంది. నా చేతులు వాటంతట అవే ఒళ్ళోకి వెళ్ళి బట్టలకి తుడుచుకున్నాయి. వాటికి తడి లేదు.

అమ్మ వంట చేస్తూ పాడేది. గొప్ప గొంతేం కాదు. మేమిద్దరం పక్కగదిలో చదువుతున్నట్టు నటిస్తూ ఆ పాటే వినేవాళ్ళం, పాట కోసం కాదు, అది ఆగడం కోసం. పాట సగంలో ఆగిందంటే మూత తీసి ఉప్పు చూస్తోందన్నమాట. ఆ తర్వాత వచ్చేది పాట కాదు. "రండర్రా!" అని పిలుపు. అది వినపడకముందే అక్కా నేనూ పుస్తకాలు గిరాటేసి కుళాయి దగ్గరికి పరుగు, చేతులు కడిగి గౌనుకి తుడుచుకుంటూ కంచాల ముందుకి పరుగు. ముందు చేరినవాళ్ళకి గరిటెతో మొదటి ముద్ద. నేనెప్పుడూ రెండోదాన్నే.

అమ్మ పోయి ఇరవై ఒక్క ఏళ్ళు.

టేపులో ఆవిడ పిలవదు. ఆగి, మళ్ళీ పాడుకుంటుంది. వెయ్యిసార్లు విన్నాను. వెయ్యిసార్లూ పిలుస్తుందనే అనుకున్నాను.

పిన్ని అద్దం తీసి సంచిలో వేసుకుంది. నాకు ఏడుపొచ్చింది, ఏడుస్తూ నవ్వొచ్చింది, కుట్లు వేసిన చోట నొప్పొచ్చింది. నవ్వుతూనే ఉన్నాను.


ఫిబ్రవరి 21, శుక్రవారం

ఇవాళ నవ్వు లేదు.

మనుషులందరి సంతోషపు చోటు పాటలో లేదు. నా మొహంలో ఉంది. ఓడ వంటవాడూ కొండల అవ్వా విన్నది పాట కాదు, చూసింది నన్ను. నాకు పన్ను నొప్పి పుడితే ఎడారీ దీవులూ కలిసి ఏడ్చాయి. ఇదీ నా కొలత.

సంగతి తెలిసింది ఇద్దరికే. ఏడు రోజులుంది. పదిహేడో తేదీ వాళ్ళని వానలో కలిపేసి, పిన్ని ఆరుగురినీ శిక్షణ లేనివాళ్ళు నడిపారని తీసేస్తే, మిగిలిన నూట ఒక్కమందితో గది మూడేళ్ళు మాది. ఎవరూ గాజు ఇవతల నిలబడి నా మొహం చూడరు.

పిన్నితో అన్నాను. "చెప్పేస్తే నీ పని పోతుంది పిన్నీ."

"అందుకని?"

"అందుకని... ఏమో."

"నా పేరు చెప్పి అబద్ధం ఆడతావా? బాగుందే అమ్మాయ్!" నిజంగానే కోపం వచ్చింది ఆవిడకి. "కుర్చీలొస్తే కుర్చీలు తుడుస్తాను. నూట యాభై కుర్చీలకి తుడిచే మనిషి అక్కర్లేదా? వాటికి వైర్లు కట్టే పని కూడా ఉండదు."

గాజు అవతలి ఖాళీ కుర్చీ వైపు చూసి మళ్ళీ అంది, "అయినా నువ్వు కనిపెట్టింది చిన్నదా? మాట రాదు, భాష రాదు, ఎక్కడివాళ్ళో ఎవరో. నీ మొహంలో సంతోషం నీకే తెలియలేదు గానీ వాళ్ళకి తెలిసింది. దాన్నేమంటారు మీ చదువులో?"

దాన్నేమంటారో నాకు తెలియదు. రెండేళ్ళుగా అది నా ముందే కూర్చుని ఉంది, నేను దాన్ని పక్కకి నెట్టి పాట కొలుస్తున్నాను.


ఫిబ్రవరి 25, మంగళవారం

నిన్నా ఇవాళా గాజుకి దుప్పటి కట్టి పన్నెండు మందిని కూర్చోబెట్టాం. సైగ బదులు గంట. ఏడో ముక్క, చదును. నాలుగో ముక్క, చదును. మిగతావన్నీ ఎవరి దారి వారిదే.

ఇంక దాచుకోవడానికి ఏమీ లేదు. ఎంత తేలిగ్గా ఉందో!


ఫిబ్రవరి 27

పెద్దసారుకి అంతా చెప్పాను. "అయితే?" అని కూడా అనలేదు. భయమేస్తోంది.


ఫిబ్రవరి 28, శుక్రవారం

ఐదుగురు, ఆరో ఆయన పెద్దసారు. పొడవు బల్ల. గుమ్మం దగ్గర పిన్ని, ఉతికిన బట్టల్లో, చేతులు కట్టుకుని.

మొదటి వాక్యమే చెప్పేశాను, ఆలస్యం చేస్తే ధైర్యం చాలదని. "మీకు పంపిన కాగితాల్లో నేను రాసిన ముఖ్యమైన మాట తప్పు." ఒకావిడ కలం మూత పెట్టేసింది. చివర కూర్చున్న ఆయన గడియారం చూసుకున్నాడు. అప్పటికే వాళ్ళ కళ్ళలో కుర్చీలు కనిపిస్తున్నాయి నాకు.

"మాటల కన్నా చూపిస్తాను" అని గోడవైపు తిరిగి నిలబడి ఏడో ముక్క వేశాను. నలభై సెకన్లు. వెనకనుంచి ఒక దగ్గు, కాగితాల చప్పుడు. అయ్యాక, ఏమనిపించిందని అడిగాను. "ఎవరో పాడుతున్నారు" అన్నాడు గడియారం ఆయన.

ఇటు తిరిగాను. మళ్ళీ వేశాను.

నటించడం నాకు చేతకాదు. నిజానికి ఈసారి నవ్వు రాదేమోనని హడలిపోయాను, సంగతంతా తెలిసిపోయాక ఇంకేం వస్తుందని. గొంతు ఎక్కుతోంది. పద్నాలుగు. పదిహేను. పాట ఆగింది.

వచ్చింది. నా ప్రమేయం లేకుండా వచ్చింది, పీకిన పన్ను సందుతో సహా కనిపించేలా వచ్చింది. చూస్తుండగానే కలం ఆవిడ పెదవులు విచ్చుకున్నాయి, పక్కాయన కనుబొమ్మలు లేచాయి. గడియారం ఆయన నవ్వి, నవ్వానని తెలిసి, ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. బల్ల చుట్టూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గుమ్మంలో పిన్ని చెవుల దాకా నవ్వుతోంది.

నేను పెద్దసారు "అయితే?" కోసం ఎదురుచూశాను. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"మళ్ళీ వేయండి" అన్నారు.

మూడేళ్ళు అడిగితే ఏడాది ఇచ్చారు. పాటని కాదు, పక్కమనిషి మొహాన్ని కొలవాలి. గాజు ఉంటుంది, పిన్ని ఉంటుంది. కుర్చీలు ఇంకో ఏడాది వరండాలో తడుస్తాయి. బయటికొచ్చాక పిన్నీ నేనూ మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లల్లా నవ్వుకున్నాం. "వాటిమీద ఆ దుప్పటైనా కప్పుదామే, పాపం" అంది.


మార్చి 2, ఆదివారం

ఇవాళ అక్కకి వినిపించాను.

ఏమీ చెప్పలేదు. అమ్మ సంగతి, అద్దం సంగతి, ఏదీ. అక్క కుర్చీలో కూర్చుని బావ చొక్కాకి బొత్తాం కుడుతోంది. ఎదురుగా బావ, పేపరు చదువుతూ. కిటికీ దగ్గర నిలబడి, వాళ్ళకి నా మొహం కనపడకుండా వీధి చూస్తూ వేశాను.

గిన్నెల చప్పుడు. గొంతు ఎక్కడం. పాట ఆగింది.

వెనక కుర్చీ జరిగింది. తిరిగి చూసేసరికి చొక్కా నేలమీద ఉంది, సూది వేలాడుతోంది. నలభై నాలుగేళ్ళ మా అక్క వంటింటి కుళాయి కింద రెండు చేతులూ పెట్టి నిలబడి ఉంది. నీళ్ళు పడుతున్నాయి. ఎందుకొచ్చిందో తెలియనట్టు చేతులకేసి చూసుకుంటోంది. తర్వాత నాకేసి చూసింది.

"ఇదెక్కడ దొరికిందే నీకు?"

"అమ్మ కాదు అక్కా. ఎవరో ఆవిడ."

"తెలుసులే" అంది. చీరకి చేతులు తుడుచుకుంటూ, ఏడుస్తూ నవ్వుతూ, "ఈసారీ నేనే ముందు" అంది.

కుళాయి మళ్ళీ తిరిగిన చప్పుడు. చూస్తే బావ. అమ్మని ఆయన ఎన్నడూ చూడలేదు, ఆ పాట ఎన్నడూ వినలేదు. పేపరు మీదుగా అక్క మొహం చూశాడంతే. శుభ్రంగా చేతులు కడుక్కుని, ఆ ఎర్రఫ్రేమ్ సర్దుకుని, బల్ల ముందు కూర్చున్నాడు.

"ఏం బావా, ఎందుకు కడిగావు?"

"ఏమో మరదలా. ఏదో మంచిది పెడతారనిపించింది."

పొయ్యి మీద ఏమీ లేదు! అక్క ఇంకా వంట మొదలే పెట్టలేదు. తడిచేతులతో ముగ్గురం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని కడుపుబ్బ నవ్వాం. ఇక కూర్చోమని ఇద్దరికీ చెప్పి నేనే వంటింట్లోకి వెళ్ళాను. నా వంట వాళ్ళకి తెలుసు కాబట్టి గుడ్లే అడిగారు.

ఉల్లిపాయలు తరుగుతూ ఏదో కూనిరాగం తీశానట. నాకు తెలియదు. ఉప్పు చూద్దామని మూత తీసినప్పుడు ఆపేశానట. అదీ నాకు తెలియదు. గుమ్మంలోంచి అక్క గొంతు వినిపించింది.

"ఆపావుగా. మరి పిలవవేం?"

పిలిచాను.